'పొగరుగా' అన్నది ఎవరు?

అమ్మాయీ,

నీ కథ నిన్న సాయంత్రం అందింది. రెండుసార్లు చదివాను. కూలి డబ్బుల కోసం మోతుబరి ఇంటికి వెళ్ళిన ఆ మనిషిని బాగా పట్టుకున్నావు. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. "ఆమె పొగరుగా చూసింది" అని రాశావు.

ఆ మాట మోతుబరిదా, నీదా?

పొగరుగిత్త అంటే కాడి కిందికి మెడ వంచనిది. మనిషికి అంటగట్టినా ఆ మాటకు ఆ వాసన పోలేదు. లొంగాల్సినవాళ్ళు లొంగలేదన్న కోపం అందులో ఉంటుంది. బ్రౌన్ 1852లో అచ్చువేసిన నిఘంటువు మొదలు ఇవాళ్టిదాకా అర్థాలకు కొదవలేదు కానీ, ఎవరు ఎవరిని అంటారన్నది ఊళ్ళో చెవులారా వినాలి. "దీనికెంత పొగరు!" అని కూలిమనిషిని అంటారు, కోడల్ని అంటారు. షావుకారునైతే, అదీ చాటుగా, "కళ్ళు నెత్తికెక్కాయి" అంటారు. నీ కథలో ఆమె తలెత్తి మూడురోజుల కూలి అడిగింది, అంతే. అరుగు మీద కూర్చున్నవాడికి అది పొగరు. వెంట వచ్చిన చెల్లెలికి ధైర్యం. కథ చెబుతున్న నువ్వే 'పొగరుగా' అంటే, నువ్వూ వెళ్ళి ఆ అరుగెక్కి కూర్చున్నట్టే.

అలాగని దాని బదులు 'టెక్కుగా' అని పెట్టకు. టెక్కులో కాస్త సింగారం ఉంటుంది, నలుగురూ చూడాలన్న ఆశ ఉంటుంది. బెట్టు ఇంకోటి. మగపెళ్ళివారు ఆకలితో ఉండి కూడా రెండోసారి పిలిస్తేగాని పంక్తిలో కూర్చోరు చూడు, అది బెట్టు. చెవి మాత్రం పిలుపు మీదే ఉంటుంది. దర్పానికి వెనక అధికారం ఉండాలి. కలెక్టరు జీపులోంచి దర్పంగా దిగుతాడు. ఆ అధికారం లేనివాడు అలాగే దిగితే జనం దాన్ని డాబు అంటారు.

"ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది" అన్నవాళ్ళకు ఈ 'గా'లేవీ అవసరం పడలేదు. గాలికి లేచే ఖాళీ ఆకును చూపించారు. నువ్వూ ఒకచోట ఆ పని చేశావు: "డబ్బులు ఆమె చేతికివ్వకుండా అరుగు మీదికి విసిరాడు." ఆ వాక్యం దగ్గర నాకు గుండె పట్టేసింది.

కాబట్టి ఆ 'పొగరు'ను మోతుబరి నోట పెట్టు. "ఎంత పొగరే నీకు!" అని అతనే అరవనీ. ఆమె ఎటు చూసిందో, చేతులు ఎక్కడున్నాయో మాత్రం నువ్వు చెప్పు.

తిరగరాసి పంపు. ఆ చిల్లర ఆమె ఏరుకుందో లేదో రాయలేదు నువ్వు. నిన్నటినుంచి నాకు అదే ఆలోచన.