అందరం ఒకే కారులో హైదరాబాద్ వెళ్ళాలి... ఇంట్లో రోజూ గొడవే

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా మరిది హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాడు. మాఘమాసంలో గృహప్రవేశం. మా ఏడు సీట్ల కారులోనే అందరం వెళ్దామని మావారు అన్నారు. మామగారికి 76 ఏళ్ళు. షుగర్, బీపీ, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నాయి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. పాప తొమ్మిదో తరగతి. బాబుకి ఆరేళ్ళు, కారెక్కితే వాంతులు. నాన్న పోయాక అమ్మ పక్కనే ఆంధ్రలోని పాతపట్నంలో ఒక్కతే ఉంటోంది. ఆవిడనీ తీసుకెళ్దామంటే అత్తగారు "చోటెక్కడుంది?" అన్నారు. ఆ మర్నాటి నుంచి "అసలు నేనే రాను, మీరెళ్ళండి" అంటున్నారు. షాపు ఎక్కువ రోజులు మూయకూడదని, రాత్రి పదికి బయల్దేరి ఆగకుండా నడిపేస్తే మర్నాడు మధ్యాహ్నానికి చేరిపోతామని మావారి లెక్క. నేనేమైనా అంటే "అయితే మానేద్దాం" అని కోపం. లిస్టులు రాసీ రాసీ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. అత్తగారు ఏమన్నారో రాశారు, మీవారు ఏమన్నారో రాశారు. మామగారు ఏమన్నారో మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. ఆయన ఏమీ అని ఉండరు. ఈ ప్రయాణంలో నాకు ఎక్కువ దిగులు ఆయన గురించే.

ఆ వయసు మగవాళ్ళు కారులో ఎలా ఉంటారో చాలా ఇళ్ళ నుంచి వింటూ ఉంటాను. బయల్దేరే రోజు పొద్దున్నుంచే నీళ్ళు తగ్గించేస్తారు. గ్లాసు అందిస్తే పెదవులు తడుపుకుని తిరిగిచ్చేస్తారు. ఒంటేలు ఎక్కువయ్యే బీపీ మాత్ర ఉంటే ఎవరికీ చెప్పకుండా ఆ పూటకి మానేస్తారు. కోడలి ముందు, వియ్యపురాలి ముందు "కారాపరా అబ్బాయ్" అని గంటకోసారి అడగడం వాళ్ళకి చచ్చేంత సిగ్గు. షుగర్ ఉన్న మనిషి నీళ్ళు తాగకపోతే కళ్ళు తిరుగుతాయి, బీపీ పడిపోతుంది. ప్రోస్టేట్ పెరిగినవాళ్ళు గంటల తరబడి బిగబట్టుకుంటే ఒక్కోసారి మూత్రం పూర్తిగా ఆగిపోయి, ట్యూబు వేస్తే తప్ప రాని పరిస్థితి వస్తుంది. అది అర్ధరాత్రి హైవే మీద వస్తే ఏం చేస్తారు?

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. జలుబు మాత్రలు, ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు కొన్ని ప్రోస్టేట్ ఉన్నవాళ్ళలో మూత్రాన్ని బిగబట్టేస్తాయి. బాబు కోసం కొన్న మాత్ర "తాతయ్యకీ ఒకటి వెయ్యి" అని ఎవరైనా అంటే వెయ్యకండి.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: ఎవరూ నోరు తెరిచి అడగనక్కర్లేని విధంగా ఈ ప్రయాణాన్ని ముందే అమర్చుకోండి. కారు గంటన్నర, మహా అయితే రెండు గంటలకోసారి ఆగాలి. ఎవరికి అవసరమున్నా లేకపోయినా ఆగాలి. ఆ పని మీ పాపకి అప్పగించండి, ఫోన్లో అలారం పెట్టుకుంటుంది. అలారం మోగాక కనిపించిన మొదటి పెట్రోల్ బంకులోనో, టోల్ గేటు దగ్గరో మీవారు "నా కాళ్ళు పట్టేశాయి, దిగుదాం" అంటూ తాను ముందు దిగాలి. కొడుకు దిగితే తండ్రి దిగుతాడు. అత్తగారి మోకాళ్ళకీ ఆ నాలుగడుగులు కావాలి. కదలకుండా గంటల కొద్దీ కూర్చుంటే పెద్దవాళ్ళ కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది.

ఇక రాత్రి ప్రయాణం. దానికి నేను ఒప్పుకోను. పర్లాకిమిడి నుంచి హైదరాబాద్ దాదాపు 800 కిలోమీటర్లు. నడిపేది ఒక్కరే. రాత్రి రెండు నుంచి ఆరు దాకా ఎంత అలవాటున్న డ్రైవరుకైనా ఒళ్ళు నిద్రకి లాగుతుంది, టీ తాగినంత మాత్రాన అది ఆగదు. పైగా మాఘమాసం, తెల్లవారుజామున మంచు. రోడ్డు పక్కన లైటు లేకుండా ఆపిన లారీ ఆ మంచులో కనబడదు. కారులో ఏడుగురు, మూడు తరాలు. షాపు ఒక రోజు ఎక్కువ మూసినందువల్ల వచ్చే నష్టం ఎంతో లెక్కేసుకోవచ్చు. దీనికి లెక్క లేదు.

రెండు రోజులుగా విడగొట్టండి. పొద్దున టిఫిన్ చేసి, మంచు విడిచాక బయల్దేరండి. నరసన్నపేట దగ్గర పదహారో నంబరు హైవే ఎక్కి, శ్రీకాకుళం, విశాఖపట్నం మీదుగా సాయంత్రానికి రాజమండ్రి చేరతారు. అది ఇంచుమించు సగం దారి. మర్నాడు విజయవాడ, సూర్యాపేట మీదుగా హైదరాబాద్. మీవారికి ఈ మాట అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు చెప్పకండి. తల్లిదండ్రుల ముందు "నీకు చేతకాదు" అన్నట్టు వినబడుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు, ఆయన లెక్కని కొట్టిపారేయకుండా, "నాన్నగారు నీళ్ళు మానేస్తారని నాకు భయంగా ఉంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన కోపం వెనక కూడా అన్నీ తన నెత్తి మీదే ఉన్నాయన్న భారం ఉంటుంది. అత్తగారు ఒప్పుకుంటే రాజమండ్రిలో పొద్దున్నే గోదావరి స్నానం. మెట్లు దిగలేకపోతే చెంబుతో నీళ్ళు పైకి తెచ్చి తల మీద పోయవచ్చు. దారిలోనే అన్నవరం ఉంది, కొండ పైదాకా కారు వెళ్తుంది. రెండూ పెట్టుకోకండి, ఒకటే ఎంచుకోండి. ఏదో ఆవిడనే అడగండి.

ఇంతా చెప్పాక కూడా ఆయన రాత్రికే నడుపుతానంటే, పెద్దవాళ్ళు ముగ్గురికీ, మీకూ రైలు టిక్కెట్లు తీయండి. భువనేశ్వర్ నుంచి సికింద్రాబాద్ వెళ్ళే విశాఖ ఎక్స్‌ప్రెస్ ఆముదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ఆగుతుంది. అరవై దాటిన మగవాళ్ళకీ, నలభై ఐదు దాటిన ఆడవాళ్ళకీ కింది బెర్తుల కోటా ఉంటుంది. బాత్రూమ్ పక్కనే ఉంటుంది. అందులో తక్కువతనం ఏమీ లేదు.

ఇప్పుడు అత్తగారి మాట. "చోటెక్కడుంది" అన్నది మీ అమ్మగారి మీద కోపంతోనే అన్నారని మీరు అనుకుంటున్నారు. కావచ్చు. కానీ ఏడు సీట్ల కారులో వెనక వరసలోకి ఎలా ఎక్కాలో చూడండి. మధ్య సీటు మడిచి, నడుం వంచి, మోకాలు ముడిచి దూరాలి. ఇంకో మనిషి వస్తే ఆ వెనక సీటు తనకే వస్తుందని ఆవిడ లెక్కేసుకుని ఉంటారు. "నాకు మోకాళ్ళు వంగవు" అని చెప్పుకోవడం కంటే "నేను రాను" అనడం ఆవిడకి తేలిక. ఎవరూ లేనప్పుడు, వంటింట్లో ఆకుకూర బాగుచేస్తున్నప్పుడు, "అత్తయ్యా, కారులో ఎక్కడ కూర్చుంటే మీ మోకాళ్ళకి సుఖంగా ఉంటుంది?" అని అడగండి. వస్తారా రారా అని మాత్రం అడగకండి.

నేనైతే ఇలా కూర్చోబెడతాను. ముందు సీట్లో మామగారు. మధ్య వరసలో ఒక తలుపు దగ్గర అత్తగారు, రెండో తలుపు దగ్గర మీ అమ్మగారు, మధ్యలో బాబు. అక్కణ్ణుంచి వాడికి ముందు అద్దంలోంచి రోడ్డు కనిపిస్తుంది. చూపు రోడ్డు మీద ఉంటే వాంతులు తగ్గుతాయి, ఫోన్ చేతికిస్తే ఎక్కువవుతాయి. వెనక మీరు, పాప. అందరికీ బెల్టు ఉండాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో ఉండాలని చట్టమే చెబుతోంది. ఒళ్ళో కూర్చోబెట్టడం వద్దు. వెనక వరస వాడితే డిక్కీలో రెండు సంచులు కూడా కష్టం, కాబట్టి సారె సామాను ముందే పార్సిల్ వేసేయండి. బాబుకి ఏం తోస్తుంది అంటారా? మన వైపు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, తెలుగు అక్షరాలు రావు. మామగారి తరం చాలామంది తెలుగులోనే చదువుకున్నారు. పాతపట్నం దాటగానే బోర్డులన్నీ తెలుగే. ముందు సీట్లోంచి తాత ఒక్కో బోర్డూ చదివి చెబుతుంటే మనవడు అక్షరాలు పట్టుకుంటాడు. అంత దూరం ఆయన నోరు మూసుకుని కూర్చోనక్కర్లేదు కూడా.

అమ్మగారి విషయంలో మీరు రాయని మాట ఒకటి ఉందేమో అనిపించింది. గృహప్రవేశం శుభకార్యం. భర్త పోయిన మనిషి పాలు పొంగే వేళ ఎదురుగా ఉండకూడదని ఇంకా అనేవాళ్ళున్నారు. మీ అత్తగారి మనసులో అది ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే, అది తప్పని సూటిగా చెబుతాను. కూతురి ఇంటివాళ్ళ సంతోషం చూడటానికి వచ్చే తల్లి వల్ల ఏ ఇంటికీ కీడు జరగదు. కానీ ఈ పోరు మీరొక్కరే చేయకండి. ఇల్లు మీ మరిదిది, పిలవాల్సింది వాళ్ళు. మీ తోడికోడలికి ఫోన్ చేసి, "నువ్వే మా అమ్మకి ఫోన్ చేసి పిలిస్తే బాగుంటుంది" అని అడగండి. ఇంటి ఇల్లాలు నోరారా పిలిచాక కారులో చోటు గురించి మాట్లాడేవాళ్ళు ఉండరు. ఆ తర్వాత అత్తగారితో మాట్లాడాల్సింది మీవారు. తల్లికి కొడుకు చెప్పే మాట కోడలు చెబితే వేరేగా వినబడుతుంది.

హైదరాబాద్‌లో ఏం చూడాలన్నది తేలికైన విషయం, దానికి గొడవ పడకండి. రోజుకి ఒక చోటు, అదీ పొద్దున. పిల్లలకి రామోజీ ఫిల్మ్ సిటీ కావాలి, అది పూర్తి రోజు పని. పెద్దవాళ్ళని ఇంట్లో వదిలి వెళ్ళండి, వాళ్ళకీ ఆ విశ్రాంతి కావాలి. గోల్కొండ పైకి దాదాపు 360 మెట్లు. పెద్దవాళ్ళు కింద ద్వారం దగ్గర చప్పట్లు కొట్టి వింటే చాలు. సాలార్‌జంగ్ మ్యూజియం అందరికీ నచ్చుతుంది, శుక్రవారం మాత్రం సెలవు. అత్తగారు యాదగిరిగుట్ట అంటే ఒక పూట దానికే ఉంచండి.

పడకల సంగతి మరిదితో ముందే మాట్లాడాలి. గృహప్రవేశం రోజు ఫ్లాటు నిండా చుట్టాలే ఉంటారు. మామగారికి బాత్రూమ్ పక్క గదిలో మంచం, అత్తగారికి కమోడ్ ఉన్న బాత్రూమ్ తప్పనిసరి. అది కుదరకపోతే దగ్గర్లో ఒక గది రెండు రాత్రులకి తీసుకోండి. డబ్బు ఎవరు పెట్టాలన్నది అన్నదమ్ములిద్దరూ ఫోన్లో తేల్చుకోవాలి, అక్కడికెళ్ళాక కాదు.

మందులు డిక్కీలో పెట్టకుండా మీ చేతిసంచిలో ఉంచుకోండి. చీటీలు, కార్డులు కూడా అందులోనే. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్ అమల్లోకి వచ్చింది, 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా వయ వందన కార్డు ఇస్తారు. మామగారికి తీయించి ఉంచండి, వేరే రాష్ట్రంలోనూ ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో పనికొస్తుంది. దారిలో ఏదైనా అయితే 108, జాతీయ రహదారి మీద 1033.

మీ లిస్టుల్లో సగం మీవి కావు. టైర్లు, ఫాస్టాగ్, బండి కాగితాలు మీవారివి. పడకలు మరిదివి. అలారం పాపది. అవి వాళ్ళకి ఇచ్చేయండి, మళ్ళీ చెక్ చేయకండి.

ఈ వారంలో ఒక పని మాత్రం ఆలస్యం చేయకండి. మామగారిని డాక్టరుకి చూపించాలి. ప్రయాణం రోజుల్లో బీపీ మాత్ర ఏ వేళకి వేసుకోవాలి, షుగర్ మాత్రకీ భోజనానికీ మధ్య ఆలస్యమైతే ఏం చేయాలి, ఎన్ని గంటలకోసారి ఆగాలి అన్నీ డాక్టరుతోనే చెప్పించండి. మీరు వెంట వెళ్ళకండి, మీవారిని పంపండి. మీ ముందు ఆయన "నాకేం లేదు" అంటారు. కొడుకు పక్కనుంటే ఉన్న ఇబ్బంది చెబుతారు, కొడుకు కూడా అది తన చెవులతో వింటాడు.