ట్రే పీసా, బాక్స్ పీసా: మేనల్లుడికి ఉత్తరం

బెంగళూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఎస్పీ రోడ్డు కంప్యూటర్ దుకాణాల్లో ఒకే ప్రాసెసర్‌కు రెండు ధరలు చెప్పారని, ఎక్కువ ధరది సీలు వేసిన పెట్టెలో వచ్చే బాక్స్ పీస్, తక్కువ ధరది పెట్టె లేని ట్రే పీస్ అన్నారని రాశావు. రెండింటిలోనూ చిప్ ఒక్కటే. వేగంలో తేడా ఉండదు. కంప్యూటర్లు తయారుచేసే కంపెనీల కోసం ఇంటెల్, ఏఎండీ సంస్థలు ట్రేలలో పేర్చి టోకున పంపే ప్రాసెసర్లలో కొన్ని ఇలా విడిగా దుకాణాలకు చేరుతుంటాయి.

అసలు తేడా వారంటీలో ఉంది. బాక్స్ పీసుకు సాధారణంగా 3 ఏళ్లపాటు తయారీ సంస్థే నీకు నేరుగా జవాబుదారీ. ట్రే పీసుకైతే అమ్మినవారినే అడగమంటుంది. కాబట్టి నువ్వు మిగుల్చుకునే డబ్బుకు బదులుగా, ఆ దుకాణం అన్నేళ్లూ అక్కడే ఉండి మాట మీద నిలబడుతుందని నమ్ముతున్నావన్నమాట. ప్రాసెసర్లు అంత తేలిగ్గా పాడవవని దుకాణాలవాళ్లు చెప్పేది చాలావరకు నిజమే. నేనూ ఆ మాట నమ్మి, చాలా ఏళ్ల క్రితం నోటిమాట వారంటీతో ఒక ట్రే పీస్ తీసుకున్నాను. ఏడాదిన్నరకు అది పోయింది. పట్టుకుని వెళ్తే అక్కడ ఆ దుకాణమే లేదు. ఆ నెల జీతంలోంచి మళ్లీ కొనవలసి వచ్చింది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజీ వల్ల దెబ్బతింటున్నాయని 2024లో తేలినప్పుడు, ఆ సంస్థ బాక్స్ పీసులకు వారంటీని మరో 2 ఏళ్లు పెంచింది. ట్రే పీసులు కొన్నవారిని మాత్రం కొన్నచోటికే వెళ్లమంది.

ధరలు పోల్చేటప్పుడు ఫ్యాన్‌ను కూడా లెక్కలో వేసుకో. నువ్వు అనుకుంటున్న కోర్ ఐ5-12400 బాక్సులో ఫ్యాన్ ఉంటుంది, ట్రే పీసుకు విడిగా కొనాలి. అది కలిపితే తేడా చాలావరకు కరిగిపోతుంది. పేరు చివర కె ఉన్న ఇంటెల్ రకాలకు బాక్సులోనూ ఫ్యాన్ రాదు కనుక, అక్కడ ట్రే పీసు ధర నిజంగానే ఆకర్షిస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. సీలు లేని సరుకు కాబట్టి, ఎవరో వాడి తీసేసిన ప్రాసెసర్‌ను కొత్త ట్రే పీస్‌గా అంటగట్టే వీలుంది. పైమూత అంచుల మీద బిగింపు గుర్తులు, మూలల్లో ఎండిన థర్మల్ పేస్ట్ (వేడి ఫ్యాన్ వైపు పోవడానికి పూసే ముద్ద), అడుగున గీతలు వెలుతురులో చూడు. ఏఎండీ వాటిలో ఏఎం4 అనే సాకెట్‌లో అమరే రకానికి పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి కనుక, పక్కనుంచి వరుస వరుసా చూసి ఒక్కటీ వంగలేదని నిర్ధారించుకో.

నా మట్టుకు, నీకు బాక్స్ పీసే తగినది. తీసుకునేటప్పుడు పెట్టె మీది సీరియల్ నంబరు ప్రాసెసర్ మీది దానితో సరిపోతోందా చూడు. ట్రే పీసే తీసుకోవలసివస్తే, మనకు ఏళ్లుగా తెలిసిన దుకాణంలోనే, సీరియల్ నంబరు, వారంటీ కాలం రెండూ జీఎస్టీ బిల్లు మీద రాయించి తీసుకో.

శనివారం నాకు ఖాళీయే. డబ్బు కట్టకముందే ఫోన్ చేయి, టౌన్ హాల్ దగ్గర కలుసుకుని ఇద్దరం వెళ్దాం.

మీ మామయ్య