గుమ్మడికి తగిలింది తెగులు కాదు, షీటు సెగ

ప్రశ్న: ఎకరం ఎర్ర నేలలో ఫిబ్రవరి చివర గుమ్మడి పెట్టాను. దుకాణంలో ఇచ్చిన 7 చుట్టల నల్ల మల్చింగ్ షీటును (నేలను కప్పే ప్లాస్టిక్ షీటు) వాళ్లు చెప్పినట్టే 5 అడుగులకో వరుసగా పరిచాను. డ్రిప్పుతో రోజూ 2 గంటలు నీళ్లు ఇస్తున్నాను. 25 రోజుల మొక్కలు మధ్యాహ్నానికి వాలిపోయి, కొన్ని చచ్చిపోతున్నాయి. వేరుకుళ్లు అన్నారని రెండుసార్లు మందు పోశాను, తగ్గలేదు. నాలుగైదు మొక్కల ఆకులు పసుపు కలిసి ముడతపడ్డాయి. షీటు తీసేసి వరిగడ్డి పరచమంటారా? గుమ్మడికి ఏ మల్చింగ్ మంచిది?
– ఒక రైతు, పూతలపట్టు మండలం, చిత్తూరు జిల్లా

జవాబు: మీ తోటలో ఉన్నది వేరుకుళ్లు కాదు. మీరు పంపిన ఫొటోలో పీకిన మొక్క వేరు తెల్లగా, గట్టిగా ఉంది. కుళ్లు సోకిన వేరు గోధుమ రంగుకు తిరుగుతుంది, వేళ్లతో లాగితే పైతొక్క ఊడివస్తుంది. మీ మొక్కకు దెబ్బ తగిలింది మట్టికి పైన, రంధ్రం అంచు కాండానికి ఆనుకునే చోట. అక్కడ ఉంగరంలా మచ్చపడి కాండం సన్నబడింది. అది కాగిన షీటు పెట్టిన వాత. నల్ల షీటు కింద చేరిన వేడి గాలి బయటికి పోవడానికి మొక్క కోసం కొట్టిన రంధ్రం తప్ప దారి లేదు. షీటు వదులుగా ఉంటే సెగ ఇంకా ఎక్కువ. దీనికి ఏ సీసాలోనూ మందు లేదు.

అయినా ఇప్పుడు షీటు తీయకండి, లేత వేర్లు కదిలిపోతాయి. రంధ్రాన్ని 4 అంగుళాలకు పెంచి, దాని అంచుల మీద చుట్టూ మట్టి పోసి సెగ రాకుండా మూసేయండి. కాండాన్ని మట్టితో కప్పవద్దు. షీటు మీద 2 అంగుళాల మందాన గడ్డి గానీ ఎండు చెరకు చెత్త గానీ పరవండి. అది దొరకకపోతే మొక్క చుట్టూ అడుగు మేర షీటుకు సున్నం పూసినా వేడి తగ్గుతుంది.

నీళ్లు సగానికి పైగా తగ్గించాలి. డ్రిప్పరు గంటకు 4 లీటర్లదైతే మీరు మొక్కకు రోజుకు 8 లీటర్లు పోస్తున్నట్టు. షీటు కింద తడి ఆరదు కాబట్టి ఈ వయసుకు 3 లీటర్లు, అంటే తెల్లవారుజామున 45 నిమిషాలు చాలు. షీటు అంచు కొద్దిగా ఎత్తి 4 అంగుళాల లోతు మట్టి తీసి పిడికిట బిగించండి. ఉండ కట్టి, వేళ్ల సందున నీరు రాకపోతే ఆ రోజు డ్రిప్పు విప్పే పనే లేదు. ఇలాగే ముంచుతూ పోతే లేని వేరుకుళ్లు నిజంగానే వస్తుంది. తీగ సాగి పిందె పడ్డాక మళ్లీ పెంచుకోవచ్చు.

ఇక 7 చుట్టల సంగతి. 5 అడుగుల వరుసలు టమాటాకు వేసే లెక్క. గుమ్మడికి వరుసల మధ్య 3 మీటర్లు, అంటే సుమారు 10 అడుగులు కావాలి. ఆ లెక్కన ఎకరాకు సుమారు 1,350 మీటర్ల షీటు పడుతుంది. 400 మీటర్ల చుట్టలైతే మూడున్నర. మిగతా సగం మీ పంటకు కాదు, దుకాణానికి పనికొచ్చింది. పంట ఏదో అడగకుండా చుట్టలు కట్టి ఇచ్చేవారు, మొక్కను చూడకుండా తెగులు పేరు చెప్పేవారు మీ ఊరి దగ్గరే కాదు, జిల్లా అంతటా ఉన్నారు. చచ్చిన చోట వరుస విడిచి వరుసలో మాత్రమే మళ్లీ విత్తండి. ఆ మొక్కలు 2–4 ఆకుల దశలో ఉన్నప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి చల్లితే ఆడపూలు పెరుగుతాయి.

పసుపు, ముడత కనిపించిన మొక్కలకు సోకింది వైరస్ తెగులు. వాటిని పీకి పొలం బయట పూడ్చండి. వైరస్‌ను చంపే మందు లేదు, ఆ పేరుతో ఎవరేమి అమ్మినా కొనవద్దు. దాన్ని మోసుకొచ్చే పేనుబంక, తెల్లదోమల కోసం ఎకరాకు 10 పసుపు జిగురు అట్టలు పెట్టి, 1500 పిపిఎం (సీసా మీద రాసి ఉండే గాఢత) వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి సాయంత్రం 4 దాటాక చల్లండి. గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి. ఉదయం మందు కొడితే తేనెటీగ రాదు, పిందె నిలవదు.

వచ్చే వేసవికి షీటే వేయాలనుకుంటే వెండి–నలుపు రంగులది, 25 మైక్రాన్ల మందంది, 4 అడుగుల వెడల్పుది తీసుకుని వెండి వైపు పైకి ఉండేలా బిగించి పరవండి. వేడి తగ్గుతుంది, ఆ మెరుపుకు పేనుబంక కూడా తక్కువగా వాలుతుంది. నల్లది చలికాలపు విత్తనానికి సరే. నన్నడిగితే గుమ్మడికి షీటు తప్పనిసరి కాదు, తీగ అల్లుకుంటే నేలను అదే కప్పుతుంది. వరిగడ్డి మంచిదే గానీ మన జిల్లాలో పాడి పశువులకే చాలడం లేదు. మీ వైపు నరికాక తగలబెట్టే చెరకు చెత్త ఉంది కదా, దాన్ని వాడండి. మొలిచిన 20 రోజులకు, నేల తడిగా ఉన్నప్పుడు, 4 అంగుళాల మందాన, కాండానికి 3 అంగుళాల ఎడంగా పరవాలి. ఎర్ర నేలలో చెదలు పడతాయి కాబట్టి ఆఖరి దుక్కిలో ఎకరాకు 200 కిలోల వేపపిండి వేయండి. వేరుశనగ పొట్టు గాలికి ఎగిరిపోతుంది, పైగా మొదలుకుళ్లు ఉన్న చేనిదైతే ఆ తెగులును మీరే తెచ్చుకున్నట్టు. పచ్చి రంపపు పొట్టు మట్టిలో కలిస్తే నత్రజనిని లాగేస్తుంది, దాని జోలికి వెళ్లవద్దు.

రెండుసార్లు పోసిన మందు పేరు మీరు రాయలేదు. సీసా చూసి రాయండి. అందులో గంధకం ఉంటే మిగిలినది ఆకుల మీద చల్లవద్దు, గుమ్మడి జాతి ఆకులు గంధకానికి మాడిపోతాయి.