బాణాలు చెదరకుండా ఉండాలంటే

ప్రశ్న: మేడమ్, ఫిర్యాదు అందిన దగ్గర్నుంచి పరిష్కారం అయ్యేదాకా మా ఆఫీసులో జరిగే పనుల వరుసని వర్డ్‌లో బొమ్మగా గీసి ఇమ్మన్నారు. డబ్బాలు, బాణాలు బాగానే పెట్టాను. కానీ పైన ఒక్క లైను చేర్చితే చాలు, డబ్బా ఒకచోటికి, బాణం ఒకచోటికి పోతున్నాయి. అవునా కాదా అని అడిగే డైమండ్ ఆకారపు డబ్బాలో రాసిన మాటలు సగమే కనిపిస్తున్నాయి. వర్డ్‌లో సిద్ధంగా దొరికే బొమ్మల నమూనాలు, అదే స్మార్ట్‌ఆర్ట్, వాడమని ఒకరు చెప్పారు. ఎల్లుండికి ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు

జవాబు: మీ తప్పేం లేదమ్మా. నేను మాన్యువల్స్ తయారుచేసే పనిలో చేరిన కొత్తలో ఇలాగే చెదిరిపోయిన నలభై బాణాలని ఒక్కొక్కటీ లాగి సరిచేస్తూ రాత్రంతా కూర్చున్నాను. కాన్వాస్ సంగతి అప్పుడు నాకెవరూ చెప్పలేదు. అందుకే అడిగినవాళ్లందరికీ ముందు అదే చెబుతాను.

ఇన్సర్ట్‌లో షేప్స్ నొక్కితే వచ్చే పట్టీలో అన్నిటికంటే అడుగున ‘న్యూ డ్రాయింగ్ కాన్వాస్’ ఉంటుంది. అది పేజీ మీద పరిచిన చాప లాంటిది. చాప జరిగితే దాని మీద ఉన్నవన్నీ కలిసే జరుగుతాయి. మీరిప్పటికే గీసిన డబ్బాలని కంట్రోల్ పట్టుకుని ఒక్కొక్కటే క్లిక్ చేసి, కట్ చేసి, కాన్వాస్ లోపల పేస్ట్ చేయండి. బాణాలు మాత్రం తీసేసి కొత్తగా గీయండి. కాన్వాస్‌లో బాణం గీత ఎంచుకుని డబ్బా దగ్గరికి వెళ్తే దాని అంచుల మీద చిన్న చుక్కలు కనిపిస్తాయి. బాణం మొదలు ఒక డబ్బా చుక్క మీద, కొస ఇంకో డబ్బా చుక్క మీద వదలండి. అతుక్కున్న కొస కొత్త వర్డ్‌లలో ఆకుపచ్చగా మారుతుంది, తెల్లగా ఉంటే అతుక్కోనట్టే. ఇప్పుడు డబ్బాని పట్టుకుని పక్కకి లాగి చూడండి, బాణం దాని వెంటే వస్తుంది. వెనక్కి తిరిగే దారులకి మూల తిరిగే ఎల్బో కనెక్టర్ వాడండి. దాని మధ్యలో ఉండే పసుపు చుక్కని జరిపితే మలుపు ఎక్కడ కావాలంటే అక్కడికి వస్తుంది.

ఇక డైమండ్. అందులో రాతకి దొరికేది మధ్యలో సగం వెడల్పు, సగం ఎత్తు మాత్రమే, అంటే దాని చుట్టూ ఉండే చట్రం వైశాల్యంలో నాలుగో వంతు. దానికి తోడు మామూలు పేరాకి ఉండే కింది ఖాళీ కూడా అందులోకి వచ్చి కూర్చుంటుంది. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో ‘ఆఫ్టర్’ని 0 చేయండి, ఫార్మాట్ షేప్‌లో లోపలి మార్జిన్లు కూడా 0 చేయండి. అప్పటికీ పట్టకపోతే అక్షరాలని చిన్నవి చేయకండి, చదివేవాళ్లకి కష్టం. ప్రశ్ననే కుదించండి. ‘ఫిర్యాదుతో పాటు కావలసిన కాగితాలన్నీ జతచేశారా’ బదులు ‘కాగితాలు ఉన్నాయా?’ చాలు.

స్మార్ట్‌ఆర్ట్ తిన్నగా సాగే వరుసకి బాగుంటుంది. మీ పనిలో ‘కాదు’ అంటే మళ్లీ రెండో మెట్టుకి వెళ్లడం ఉంటుంది కాబట్టి దాని జోలికి పోవద్దు.

కాన్వాస్ రెండు పేజీల మీదికి పాకదు. మీ బొమ్మ ఒక పేజీలో పట్టకపోతే రెండు కాన్వాస్‌లు పెట్టండి. మొదటిదాని చివర చిన్న వృత్తంలో ‘క’ అని రాసి, రెండోదాని మొదట్లో అదే వృత్తం, అదే ‘క’ పెట్టండి. దారి అక్కడి నుంచి ఇక్కడికి సాగుతుందని చదివేవాళ్లకి తెలుస్తుంది.