అమిగా బోర్డులు చేయించే ముందు

చిరంజీవి రవికి,

బాబాయి దీవించి రాయునది. 1980ల నాటి ఇంటి కంప్యూటర్ అమిగాకి కొత్త చిప్పులతో బోర్డు చేయించి ఇంగ్లండులో అమ్ముతానని ఫోన్లో చెప్పావు. పక్కనుంచి మీ పిన్ని "ఇంటి మీద లోన్ తీసుకునా?" అంది. దాన్ని మీ ఆవిడకి వదిలేస్తున్నా.

ముందు పేరు ఎవరిదో తేల్చుకో. అమిగా చేసిన కంపెనీ కమొడోర్ 1994 ఏప్రిల్లో మూతపడింది. 1995లో జర్మనీ వాళ్ళ కంప్యూటర్ కంపెనీ ఎస్కామ్ అమిగాని కొంది, మరుసటేడు అదీ దివాలా. 1997లో అమెరికా కంప్యూటర్ కంపెనీ గేట్‌వే చేతికి వెళ్ళింది. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ హక్కుల మీద కోర్టులకెక్కారు. 2022లో అమిగా నకలుగా వచ్చిన బుల్లి మెషీన్ పేరు 'ది ఏ500 మినీ', చూశావా, అందులో అమిగా అన్న మాటే లేదు! లాయరుకి చూపించకుండా సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకు.

ఇక కొనేదెవరు? చిన్నప్పుడు దానిమీద ఆడుకుని ఇప్పుడు యాభై దాటినవాళ్ళు. వాళ్ళకి స్పీడు అక్కర్లేదు. కీబోర్డు నొక్కితే అప్పటిలాగే ఉండాలి. పాత స్పెక్ట్రమ్ కంప్యూటర్‌కి కొత్త రూపం స్పెక్ట్రమ్ నెక్స్ట్. అది చేసేవాళ్ళు 2017లో, జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్లో 2,50,000 పౌండ్లు అడిగితే 3,113 మంది కలిసి 7,23,390 ఇచ్చారు. తలకి 232 పౌండ్లు. అంత పేరున్న మెషీన్‌కి ఆ విడతలో దొరికింది మూడు వేల మందే, అది గుర్తుంచుకో. 2018 జనవరికి ఇస్తామన్నది 2020లో చేతికందింది. సగం తంటా ఆ కీబోర్డుతోనే. బోర్డు నువ్వు చేయించగలవు. డబ్బా, మీటల అచ్చులకయ్యే ఖర్చు లెక్కేశావా?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో నా కొట్టు గుర్తుందా? ఒకేసారి 30 కంప్యూటర్ బోర్డులు తెచ్చి పెట్టుకున్నా, చవకగా వచ్చాయని. ఆర్నెల్లకి కొత్తగా వచ్చిన పెంటియమ్ చిప్పు అడిగేవాళ్ళే అందరూ. చివరికి తూకానికిచ్చేశా. అందుకే ఆర్డరు డబ్బు చేతిలో పడ్డాక, అన్నే చేయించు.

నన్నడిగితే మెషీన్ కన్నా రిపేరు మేలు. అమిగా 1200 మోడల్లో కెపాసిటర్లు, అంటే కరెంటు నిలవుంచే చిన్న భాగాలు, లోపలి ద్రవం కారి బోర్డు తినేస్తాయి. మార్చడానికి మనుషులు కావాలి. కొత్త పవర్ సప్లయిలూ అమ్ముడుపోతాయి. ఒక ఏడాది అది చెయ్యి. కొనేవాళ్ళ పేర్లూ, వాళ్ళ గోలా నీకే తెలుస్తాయి.

ఫ్యాక్టరీ వాడిచ్చిన కొటేషన్ నాకు వాట్సాప్ చెయ్యి. అడ్వాన్సు మాత్రం ఇంకా కట్టకు.

మీ బాబాయి