మొదటి వివక్ష దావా రాయబోతున్న మేనకోడలికి

చి.సౌ. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు సొంతంగా న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో వేయబోయే మొదటి దావా ఉద్యోగ వివక్షకు సంబంధించినదనీ, నీ కక్షిదారు మన తెలుగు అమ్మాయేననీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. కంపెనీ తరఫు న్యాయవాదులు జవాబు దాఖలు చేయడానికి ముందే, రూల్ 12(బి)(6) కింద, అంటే దావాలో రాసినవి నిజమనుకున్నా కేసు నిలవదంటూ, ఆ దావాను కొట్టివేయమని అడుగుతారని ఇప్పుడే అనుకో. ఆ దశలో సాక్షులు ఉండరు, డిస్కవరీ, అంటే అవతలివాళ్ల దగ్గరున్న కాగితాలు, సమాచారం రాబట్టుకునే ఘట్టం, ఉండదు. న్యాయమూర్తి ముందు ఉండేది నువ్వు రాసిన దావా పత్రం ఒక్కటే కాబట్టి, దాని గురించే ఈ ఉత్తరం.

2010లో నేను వేసిన ఒక దావాను ఈ దశలోనే కొట్టేశారు. నా కక్షిదారు గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు; పదకొండేళ్లు పనిచేసిన చోట ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ‘జాతి కారణంగా తొలగించారు’ అని పేరా తర్వాత పేరాలో రాశానే గాని, అతని పనిని ఎవరికి అప్పగించారో, ఆ నిర్ణయాన్ని ఏ మేనేజరు ఏ నెలలో తీసుకున్నాడో ఒక్కచోట కూడా రాయలేదు. ఆ వివరాలన్నీ నా ఫైలులోనే ఉన్నాయి. సవరించుకోవడానికి న్యాయమూర్తి అవకాశం ఇచ్చారు కాబట్టి కేసు నిలిచింది, కానీ అప్పటికే అతనికి ఏడు నెలలు వృథా అయ్యాయి. ఆ ఏడు నెలలకు బాధ్యుణ్ణి నేనే.

దావా పత్రం ఎలా ఉండాలో చెప్పే రూల్ 8 కోరేది క్లుప్తమైన, స్పష్టమైన కథనం మాత్రమే. అయితే సుప్రీంకోర్టు 2007లో ఇచ్చిన ట్వాంబ్లీ, 2009లో ఇచ్చిన ఇక్బాల్ తీర్పుల తర్వాత ఆ కథనం నమ్మదగినదిగా కూడా ఉండాలి. ఇక్బాల్ కేసే జాతి, మతం, జాతీయ మూలం ఆధారంగా వివక్ష చూపారన్న ఆరోపణ మీద నడిచిందని చాలామంది మరచిపోతారు. న్యాయమూర్తి ముందుగా ‘వివక్ష చూపారు’ వంటి నిర్ధారణ వాక్యాలను పక్కన పెట్టి, మిగిలిన వాస్తవాలు మాత్రమే నిజమనుకుని, వాటి నుంచి వివక్ష అన్న ఊహకు సహేతుకంగా రావచ్చునా అని చూస్తారు. నీ పత్రాన్ని నువ్వే అలా చదువు. ‘కారణంగా’ అన్న మాట ఉన్న ప్రతి వాక్యాన్నీ పెన్సిలుతో కొట్టేసి, మిగిలినది కథ చెబుతోందో లేదో చూడు.

అలాగని కేసు మొత్తాన్ని అక్కడే రుజువు చేయనక్కరలేదు. 2002లో స్వియర్కీవిచ్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పిన మాట ఇదే: వివక్షను రుజువు చేయడానికి ముందుగా ఏయే అంశాలు చూపాలో చెప్పే 1973 నాటి మెక్‌డొనెల్ డగ్లస్ సూత్రం సాక్ష్యాన్ని తూచే కొలత, దావా పత్రానికి షరతు కాదు. హంగరీలో పుట్టిన 53 ఏళ్ల ఆ ఉద్యోగి బాధ్యతలను 32 ఏళ్ల ఫ్రెంచి వ్యక్తికి అప్పగించారు. అతని దావా పత్రంలో తొలగింపుకు దారితీసిన సంఘటనలు, తేదీలు, సంబంధిత వ్యక్తులలో కొందరి వయసులు, జాతీయతలు ఉన్నాయి. కోర్టు అవి చాలునన్నది. నేనైతే మెక్‌డొనెల్ డగ్లస్ అంశాలను షరతుగా కాక, ఏదీ మరచిపోకుండా చూసుకునే పట్టికగా వాడుకుంటాను.

న్యూయార్క్ సెకండ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు పరిధిలో ఉండడం నీకు మేలే. 2015లో లిటిల్‌జాన్, వేగా తీర్పులలో ఆ కోర్టు, వివక్షా బుద్ధి ఉందన్న ఊహకు ఈ దశలో కనీసపు ఆధారం చాలునని చెప్పింది. వేగా ఒక గణిత ఉపాధ్యాయుడు. స్పానిష్ మాట్లాడే విద్యార్థులను తనకే ఎక్కువగా కేటాయించి, అదనపు జీతం లేకుండా అదనపు పని చేయించారన్నది ఆయన ఆరోపణలలో ఒకటి. ముగ్గులో ఒక చుక్కను చూస్తే ఏమీ తెలియదు, చుక్కలు కలిస్తేనే ముగ్గు. వివక్ష దావా కూడా అంతే, కాకపోతే చుక్కలను నువ్వే పెట్టాలి.

అందుకని ఆ అమ్మాయిని తీరికగా కూర్చోబెట్టుకుని అడుగు. ఆమె పనితీరు సమీక్షలు ఎలా ఉండేవి, ఏ మేనేజరు వచ్చాక మారాయి? అదే మేనేజరు కింద, అదే హోదాలో, అదే తప్పు చేసిన మరొకరిని ఏమీ అనకుండా వదిలేశారా? ఆమె స్థానంలో ఎవరు వచ్చారు? కంపెనీ మొదట చెప్పిన కారణం, తర్వాత చెప్పిన కారణం ఒకటేనా? యాస గురించి ఎవరైనా ఎగతాళిగా మాట్లాడి ఉంటే, ఆ మాటను అన్నది అన్నట్టుగా, తేదీతో రాయి. అన్నవాడికి ఆమెను తొలగించే అధికారం ఉందో లేదో కూడా రాయి, ఎందుకంటే అధికారం లేనివాడి మాటకు కోర్టులో బరువు తక్కువ. కంపెనీ చేతిలోనే ఉన్న విషయాలను ‘తెలిసినంతలో, నమ్మకం మేరకు’ అని రాయవచ్చు, కానీ ఆ నమ్మకానికి కారణాన్ని పక్కనే చెప్పు.

జీతం తగ్గకుండా బదిలీ మాత్రమే చేసినా దిగులుపడకు. 2024లో మల్‌డ్రో తీర్పు వచ్చాక, ఉద్యోగ నిబంధనలలో కొంత హాని జరిగిందని చూపితే చాలు, అది పెద్ద హాని కానక్కరలేదు.

మనవాళ్ల కేసులలో ఎక్కువగా పొరపాటు జరిగేది మరొకచోట. ‘భారతీయురాలు కాబట్టి’ అని మాత్రమే రాస్తే అది జాతా, దేశమా, వీసానా అన్నది తేలదు. ఉద్యోగ వివక్షను నిషేధించే టైటిల్ సెవెన్ చట్టం జాతీయ మూలాన్ని కాపాడుతుంది కానీ, 1973 నాటి ఎస్పినోజా తీర్పు ప్రకారం పౌరసత్వం లేకపోవడం ఒక్కటే దాని కిందికి రాదు. ఒప్పందాలలో జాతి వివక్షను నిషేధించే సెక్షన్ 1981 చట్టం వంశ మూలాన్నీ, జాతి లక్షణాలనూ కాపాడుతుందని 1987లో సెయింట్ ఫ్రాన్సిస్ కళాశాల కేసులో తేలింది. పుట్టిన దేశం ఒక్కటే అక్కడ చాలదు. పైగా 2020 నాటి కామ్‌కాస్ట్ తీర్పు తర్వాత, జాతి అడ్డు రాకపోతే ఆ నష్టం జరిగేది కాదని సెక్షన్ 1981 కింద మొదటి నుంచే ఆరోపించాలి. కాబట్టి రెండు చట్టాల కింద, వేర్వేరు పేరాలలో, వేర్వేరు వాస్తవాలతో రాయి.

టైటిల్ సెవెన్‌కు గడువులు కూడా చూసుకో: న్యూయార్క్‌లో ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి, వివక్ష జరిగిన 300 రోజులలోపు ఫిర్యాదు వెళ్లాలి, దావా వేసుకోవచ్చని తెలిపే రైట్ టు స్యూ లేఖ అందిన 90 రోజులలోపు దావా పడాలి. ఈ తేదీలను దావా పత్రంలోనే పెట్టు. ఈఈఓసీ ఫిర్యాదులో జాతీయ మూలం గురించి మాత్రమే చెప్పి, ఇక్కడ ప్రతీకార చర్య గురించి కొత్తగా ఎత్తుకుంటే, అది అక్కడే చెప్పవలసిందని అవతలివాళ్లు పట్టుకుంటారు.

జత చేసే కాగితాలను పూర్తిగా చదివిన తర్వాతే జత చెయ్యి, ఎందుకంటే వాటిలో ఏదైనా ఈమెయిలులో ఆమె తప్పు ఒప్పుకున్న వాక్యం ఒక్కటి ఉన్నా అది నీ పేరాలను తినేస్తుంది. అయినా వాళ్లు దావా కొట్టివేయమని మోషన్ వేస్తే, అది అందిన 21 రోజులలోపు కోర్టు అనుమతి లేకుండానే ఒకసారి సవరించుకోవచ్చు. పంతానికి పోకుండా ఆ హక్కును వాడుకో.

పత్రం మొత్తం రాయకముందే ఒక్క కాగితం మీద తేదీలు, మనుషులు, వారి మాటలు వరసగా రాసి నాకు పంపు. దానిని చూసి ఫోను చేస్తాను.

మామయ్య