మీ బరువు మీ సార్‌కెందుకు?

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి 28 ఏళ్ళ అమ్మాయి రాసిన ఉత్తరం, క్లుప్తంగా: "డిగ్రీలో 800 మీటర్లు పరిగెత్తేదాన్ని. రెండు కిలోలు తగ్గితే రెండు సెకన్లు తగ్గుతాయని మా కోచ్ సార్ అనేవారు. తగ్గాను. 19వ ఏట ఏడు నెలలు నెలసరి రాలేదు. మోకాలి కింద ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చి పరుగు ఆగిపోయింది. తర్వాత న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు సార్ నడిపే అకాడమీలోనే స్పోర్ట్స్ డైటీషియన్‌ని. పగలంతా కాఫీ, కీరా ముక్కలతో నెట్టుకొస్తాను. రాత్రి అందరూ పడుకున్నాక అన్నం, మిక్చర్, చేతికి ఏది దొరికితే అది తినేస్తాను. మర్నాడు ఉపవాసం, ఆర్కే బీచ్‌లో పది కిలోమీటర్ల పరుగు. మాఘంలో పెళ్ళిచూపులు, ఆలోగా ఆరు కిలోలు తగ్గమంటోంది అమ్మ. నాకే తిండి చేతకానప్పుడు పిల్లలకు డైట్ రాసివ్వడం మోసం కాదా? ఉద్యోగం మానేసి బ్యాంకు పరీక్షలకు చదువుకోనా?"

అమ్మా, బ్యాంకు పరీక్షల సంగతి వదిలేద్దాం. బీపీ ఉన్న డాక్టరు బీపీకి మందు రాస్తే మోసమని ఎవరూ అనరు. తన మందు తనే రాసుకుంటే మాత్రం తప్పంటారు. మీరు చేస్తున్నది ఆ రెండోది. తిండి యావ వల్లే ఈ చదువులోకి వచ్చానేమోనని కూడా రాశారు. కావచ్చు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు అరకడుపుతో ఉంచి చూశారు. అంతకుముందు తిండి ఊసే లేనివాళ్ళు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, రోజంతా తిండి గురించే మాట్లాడుకున్నారు. ఆకలితో ఉన్న బుర్ర చేసే పని అది, మీ గుణం కాదు. చదివిన చదువు మంచిదే. అది ఎవరి చేతిలో పెట్టారన్నదే చూడాలి.

మీ ఉత్తరంలో అమ్మ గురించి రెండు పేజీలున్నాయి, సార్ గురించి మూడు వాక్యాలు. ఈ ఉద్యోగం ఆయనే ఇప్పించారు. ప్రతి సోమవారం పొద్దున్నే బరువు చూసుకుని ఆ ఫొటో ఆయనకు వాట్సాప్‌లో "అలవాటు కొద్దీ" పంపుతున్నారు. సెలెక్షన్స్ ముందు 15, 16 ఏళ్ళ ఆడపిల్లలకు 1200 క్యాలరీల చార్టు కావాలని ఆయన అడిగితే రాసిచ్చారు. నన్ను ఆగి ఆలోచించేలా చేసినవి ఆ మూడే. పరుగు ఆపి తొమ్మిదేళ్ళయింది. ఇంకా ఏ పోటీ కోసం ఆ ఫొటో? అమ్మ అనే ఆరు కిలోల మాట మీకు అంత గట్టిగా తగలడానికి కారణం, అదే మాట 19వ ఏటనుంచి ఇంకొకరి నోట వింటూ ఉండటం.

గురువు తల్లిదండ్రుల తర్వాతంతటివాడు. అందులో నాకు సందేహం లేదు. ఎదురుపడితే దండం పెట్టండి, శుభలేఖ మొదట ఆయనకే ఇవ్వండి. కానీ పెళ్ళీడు ఆడపిల్ల తన ఒంటి లెక్క వారంవారం ఆయనకు అప్పజెప్పడం గురుభక్తి కాదు. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు. బరువు తగ్గిన తొలి వారాల్లో కొందరికి టైమింగ్ నిజంగానే మెరుగవుతుంది, అందుకే చాలామంది కోచ్‌లు దాన్ని నమ్ముతారు. తర్వాత నెలసరి ఆగుతుంది, టైమింగ్ కదలదు, ఎముక చిట్లుతుంది. దాన్ని దురదృష్టం కింద రాసేస్తారు. మీ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఆటలో ఖర్చయ్యేదానికి తగ్గ తిండి లేక ఒళ్ళు దెబ్బతినే ఈ స్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. మీరు పరీక్షలో దీనికి జవాబు రాసే ఉంటారు.

ఇక ఆ చార్టు. మీ లెక్కతోనే చూద్దాం. 52 కిలోల అమ్మాయి, ఒంట్లో కొవ్వు 20 శాతం అనుకుంటే కొవ్వు పోగా సుమారు 42 కిలోలు. సాయంత్రం ట్రాక్ మీద 500 క్యాలరీలు ఖర్చవుతాయి. 1200 తింటే శరీరం నడవడానికి మిగిలేది 700, అంటే ఆ 42 కిలోల్లో కిలోకు 17 కూడా లేదు. 30 కంటే తగ్గితే హార్మోన్లు, ఎముకలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ఆరోగ్యానికి సరిపోయే 45 దగ్గర ఉండాలంటే 1890కి ఆ 500 కలిపి సుమారు 2400 తినాలి. ఎదిగే వయసు కాబట్టి ఇంకొంచెం ఎక్కువైనా తప్పులేదు. మీరిచ్చింది అందులో సగం. మోసం అనే మాట వాడాలంటే ఇక్కడ వాడండి. ఆ పిల్లల తల్లులు మిమ్మల్ని నమ్మి పంపుతున్నారు. ఆ చార్టు ఈ వారమే వెనక్కి తీసుకోండి.

మన వైపు శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది మాత్రం 69 కిలోల విభాగంలో, మొత్తం 240 కిలోలు ఎత్తి. బరువు తగ్గితేనే పతకమనే పెద్దలకు ఈ సంగతి గుర్తుచేయండి.

మీ తిండి దగ్గరికి వద్దాం. రాత్రి తిండిని ఆపాలని చూస్తున్నారు, అది ఆగదు. పగటి ఆకలి రాత్రి వసూలవుతోంది. పగలు తింటే రాత్రి దానంతట అదే సన్నగిల్లుతుంది. లేచిన గంటలోపు మూడు ఇడ్లీలు సాంబారుతో, లేదా రెండు పెసరట్లు. పదిన్నరకు అరటిపండు, గుప్పెడు వేరుశనగలు. ఒంటిగంటకు అన్నం, పప్పు, కూర, చేప ముక్క, పెరుగు. అన్నం తూకం వేయొద్దు, మీ ఇంట్లో మిగతావాళ్ళు ఎంత పెట్టుకుంటే మీరూ అంతే. నాలుగున్నరకు, గ్రౌండ్‌కి వెళ్ళేముందు చోడి జావో, ఉడికించిన శనగలో. ఎనిమిదిన్నరకు భోజనం, పడుకునేముందు గ్లాసు పాలు. ఎక్కడా నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. క్యాలరీల యాప్ ఫోన్‌లోంచి తీసేయండి. నోటుబుక్కులో తిన్న టైము, అప్పటి మనసు మాత్రం రాయండి, అంకెలొద్దు.

రాత్రి మళ్ళీ ఎక్కువ తినేశారనుకోండి. మొదటి వారాల్లో అలా జరుగుతుంది. మర్నాడు ఉదయం ఇడ్లీ అదే టైముకు తినాలి. చాలామంది పడిపోయేది ఇక్కడే: ఆ ఉదయం మానేస్తారు, చక్రం మళ్ళీ మొదలవుతుంది. పరిహారంగా పరుగూ వద్దు. రెండు మూడు వారాలు పొట్ట ఉబ్బరంగా ఉంటుంది. బరువు కిలో రెండు కిలోలు పెరిగినట్టు కనిపించవచ్చు. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ (ఒళ్ళు దాచుకునే పిండిపదార్థం) నిండినప్పుడు గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీరు వెంట చేరుతుంది, అంతే. దాన్ని చూసి బెదిరి వెనక్కి వెళ్ళకుండా బరువు చూసే మెషిన్ ఇంట్లోంచి పంపించేయండి.

ఇది ఒంటరిగా చేసే పని కాదు. అకాడమీతో సంబంధం లేని ఇంకో డైటీషియన్, ఒక సైకాలజిస్టు మీకు కావాలి. బరువు మరీ తక్కువ లేనివాళ్ళకు తిండికి సంబంధించిన ఈ జబ్బుల కోసం చేసే సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల చికిత్స) సాధారణంగా 20 వారాలు, 20 సిట్టింగులు. డబ్బు ఇబ్బందైతే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) సైకియాట్రీ ఓపీకో వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. నెలసరి ఇప్పటికీ 45 రోజులకొకసారి అంటున్నారు కాబట్టి గైనకాలజిస్టును కలిసి థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఫెరిటిన్, విటమిన్ డి చూపించుకోండి, ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ అవసరమా అని అడగండి. హార్మోను మాత్రలతో వచ్చే నెలసరిని చూసి బాగైపోయిందనుకోకండి, అసలు లోపాన్ని అది కప్పేస్తుంది. వాంతి చేసుకోవడం గురించి మీరు ఏమీ రాయలేదు. ఒకవేళ ఉంటే డాక్టరు దగ్గర దాచొద్దు, పొటాషియం పరీక్ష, ఈసీజీ వెంటనే కావాలి. ఎప్పుడైనా గుండె దడ, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

అమ్మతో గొడవ వద్దు. కూతురి సంబంధం గురించి ఆవిడ దిగులు సహజం. ఏడు నెలలు నెలసరి రాని సంగతి అప్పట్లో ఆవిడకు చెప్పలేదని రాశారు. ఇప్పుడు చెప్పండి, గైనకాలజిస్టు దగ్గరికి వెంట తీసుకెళ్ళండి. డాక్టరు నోట విన్నాక ఆరు కిలోల మాట ఆవిడే మానుకోవచ్చు. మానకపోతే, "చూసుకోవడానికి వచ్చేవాళ్ళు ఇప్పుడున్న నన్నే చూస్తారమ్మా" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. కిలోలు లెక్కపెట్టి కుదుర్చుకునే సంబంధం మీకు అక్కర్లేదు.

సార్ దగ్గరికి మాత్రం మీరే వెళ్ళాలి, ఫోన్‌లో కాదు. ప్రాక్టీసు అయ్యాక, పిల్లలు లేనప్పుడు. "సార్, ఇకనుంచి నా బరువు పంపను. డాక్టరు దగ్గర చూపించుకుంటున్నాను." అంతే, కారణాలు వివరిస్తూ కూర్చోకండి. రెండో మాట పిల్లల గురించి, అది రాసి ఇవ్వండి: 1200 చార్టు రద్దు, అందరి ముందూ బరువు తూచి బోర్డు మీద రాయడం బంద్, వెయిట్ కేటగిరీ ఆటలవాళ్ళకు తప్ప వారంవారం తూచే పని లేదు, తూచినా విడిగా ఆడమనిషి సమక్షంలో. నెలసరి తేదీలు మీ దగ్గరే ఉంటాయి, కోచ్‌కు చేరవు. వరుసగా మూడు నెలలు రాకపోతే తల్లికి కబురు, డాక్టరు దగ్గరికి. ఆయన ఒప్పుకుంటే అంతకంటే మంచి గురుదక్షిణ లేదు. నవ్వి తీసిపారేస్తే నెల నోటీసు ఇచ్చి ఆ అకాడమీ మానేయండి, వృత్తిని కాదు. ఆసుపత్రుల్లో, క్రీడా హాస్టళ్ళలో మీ చదువుకు పని ఉంటుంది. మాట్లాడే ముందే మూడు నెలల ఖర్చులు బ్యాంకులో ఉంచుకుని, అనుభవ పత్రం తీసుకుని పెట్టుకోండి.